బ్యాటరీల పెట్టె

నాకు అనుమానం ఎక్కువని మా ఆవిడ అంటుంది. నేను దాన్ని జాగ్రత్త అంటాను. ఈ రెండింటికీ తేడా ఏమిటో ఆ వేసవిదాకా నాకు సరిగ్గా తెలియదు. తెలిశాక కూడా ఆవిడ దగ్గర ఒప్పుకోలేదనుకోండి, అది వేరే సంగతి.

ఆ వేసవిలో తమ్ముడూ నేనూ ఒక కొత్త హాస్టల్ భవనంలో తలుపులూ అల్మరాలూ బిగిస్తున్నాం. మూడంతస్తులు, అంతస్తుకు పన్నెండు గదులు. సెలవులయ్యి పిల్లలు వచ్చేలోపు అన్ని గదులకూ తలుపులు పడాలి. పడకపోతే పని మధ్యలోనే ఆపించి ఇంకొకళ్లకు ఇచ్చేస్తానని అక్కడి ఇంజనీరమ్మ మొదటిరోజే చెప్పింది. కోపంగా చెప్పి ఉంటే పట్టించుకునేవాణ్ని కాదు. నవ్వుతూ చెప్పింది కాబట్టి భయపడ్డాను.

మమ్మల్ని అందరూ పెద్దమేస్త్రి, చిన్నమేస్త్రి అంటారు. పద్నాలుగేళ్లుగా కలిసే పని చేస్తున్నాం. ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే వ్యాను. మెషీన్లు కూడా అన్నీ ఒకే మార్కువి, మీద గద్ద బొమ్మ ఉంటుంది. డ్రిల్లు, స్క్రూ మెషీను, రంపం, పాలిష్ మెషీను, ఇలా మొత్తం ఏడు. వైరు లేనివి కాబట్టి వేటికైనా బ్యాటరీ ఉంటేనే ప్రాణం. బ్యాటరీలు ఆరున్నాయి. ఎవరికి కావాలంటే వాళ్లు ఆ ఆరింటిలోంచి ఒకటి తీసి తగిలించుకోవడమే, నాదీ నీదీ అన్న మాట లేదు. సాయంత్రం ఇంటికి రాగానే వంటింట్లో మిక్సీ పక్కన ఛార్జింగు పెట్టేవాళ్లం. పొద్దున ఎవరు ముందు లేస్తే వాళ్లు తీసి సంచిలో వేసేవాళ్లు.

ఈ వైరు లేని మెషీన్లలో ఒక తిరకాసు ఉంది. ఒక మార్కు బ్యాటరీ ఇంకో మార్కు మెషీనుకు పట్టదు. కంపెనీలు కావాలనే అలా చేస్తాయి. ఒక్కటి మార్చాలనుకుంటే ఏడూ మార్చుకోవాలి.

ఆ రోజు మొదటి అంతస్తులో రెండో గది తలుపు బిగిస్తున్నాం. తమ్ముడు తలుపు ఎత్తి పట్టుకున్నాడు, నేను బందులకు స్క్రూలు వేస్తున్నాను. మూడో స్క్రూ సగం దిగిందో లేదో మెషీను మూలిగి ఆగిపోయింది. బ్యాటరీ తీసి చూశాను. ముందురోజు సాయంత్రం నేనే ఛార్జింగు పెట్టాను, నాలుగు లైట్లూ వెలగడం నా కళ్లతో చూశాను. ఇప్పుడు ఒక్కటీ లేదు.

"ఇది పొద్దున్నుంచి ఎవరన్నా వాడారా?" అన్నాను.

"మనిద్దరం తప్ప ఎవరున్నారన్నయ్యా ఇక్కడ?" అన్నాడు తమ్ముడు. తలుపు బరువుకు వాడి చేతులు వణుకుతున్నాయి. "పాతబడిపోయాయి ఇవి. తాబేలు మార్కుకి మారిపోదాం. మొత్తం సెట్టు. నేను కనుక్కున్నాను, బాగుంటాయంట."

నేను వేరే బ్యాటరీ పెట్టి స్క్రూ దింపాను. కానీ ఆ మాట నాకు ముల్లులా గుచ్చుకుంది. బ్యాటరీ ఆగి అర నిమిషం కాలేదు, వీడి దగ్గర మార్కు పేరుతో సహా జవాబు సిద్ధంగా ఉంది. ఎప్పుడు కనుక్కున్నాడు? ఎవర్ని కనుక్కున్నాడు? నాకు చెప్పకుండా ఎందుకు కనుక్కున్నాడు?

ఆ సాయంత్రం వ్యాను దిగుతుంటే వాడి చొక్కా చేతుల మీద తెల్లటి పొడి కనిపించింది. హాస్టల్లో మేం వాడుతున్నది ముదురు గోధుమరంగు బోర్డు. దాన్ని ఎంత కోసినా గోధుమరంగు పొడే రాలుతుంది. మధ్యాహ్నం గంటన్నర సేపు కనబడకుండా పోయి, స్క్రూలు తేవడానికి వెళ్లానన్నాడు. స్క్రూలు తెచ్చిన మాట నిజమే. కానీ స్క్రూల డబ్బా మోస్తే తెల్ల పొడి రాలదు కదా.

వాడు ఇంకెక్కడో పని ఒప్పుకున్నాడు, మన బ్యాటరీలు పట్టుకెళ్లి అక్కడ వాడుతున్నాడు, అందుకే ఖాళీ అవుతున్నాయి. నాకు లెక్క అలా కుదిరింది. కుదిరాక ఇంకో లెక్క కూడా దాని పక్కనే వచ్చి కూర్చుంది. వాడికి పెళ్లయి ఏడాదయింది. వేరే మార్కు సెట్టు కొన్నాడంటే అది నా మెషీన్లకు పట్టదు, నావి దానికి పట్టవు. వేరుపడదల్చుకున్నవాడికి అంతకంటే సులువైన దారి ఏముంటుంది? గోడ కట్టక్కర్లేదు, పెద్దమనుషుల్ని పిలవక్కర్లేదు.

మా ఆవిడతో చెప్పాను. ఆవిడ ఉతికిన బట్టలు మడతపెడుతోంది.

"చొక్కా మీద పొడి చూసి సంసారం రెండు ముక్కలైపోయిందని తేల్చేశారా?" అంది. "సీఐడీ గారూ, మీ చొక్కా మీద మొన్న పసుపు మరక ఉంది. నేనెవర్ని అడగాలి?"

"నవ్వకు. నీకు తెలీదు."

"అడగండి వాణ్నే. నోరుంది కదా."

అడగలేదు. అడిగితే లేదంటాడు, లేదంటే నేను నమ్మను, నమ్మనప్పుడు అడగడం దేనికి? అడిగే బదులు పెట్టె చేశాను.

నా చేతి పని గురించి నేనే చెప్పుకోకూడదు గానీ, అలాంటి పెట్టె నేను మళ్లీ చెయ్యలేదు. దళసరి ఇనప రేకు, అతుకుల దగ్గర సూది కూడా దూరదు. లోపల బ్యాటరీకో అర, మధ్యలో ఛార్జరుకు అర. వ్యాను గుంతల్లో పడ్డప్పుడు చప్పుడు కాకుండా లోపలంతా పాత కంబళి ముక్కలు అంటించాను. వైరు రావడానికి ఒక మూల చిన్న కన్నం. పైన మూత, మూతకు తాళం. దాన్ని వ్యాను వెనకాల నాలుగు బోల్టులతో బిగించాను. తాళంచెవి నా మొలతాడుకు కట్టుకున్నాను.

"ఇదేంటన్నయ్యా?" అన్నాడు తమ్ముడు.

"సైటులో దొంగలెక్కువ. ఇకనుంచి ఛార్జింగు కూడా ఇందులోనే. హాస్టల్ కిటికీలోంచి వైరు లాగుదాం. ఇంటికి మొయ్యడం దేనికి?"

వాడు పెట్టె మీద చెయ్యి వేసి, మూత ఒకసారి ఎత్తి దింపి చూశాడు. "పని బాగుంది," అన్నాడు. నా మొలతాడు వంక చూశాడు.

అప్పటినుంచి పగలంతా వ్యాను హాస్టల్ ముందు ఖాళీ జాగాలో ఉండేది. అక్కడ నీడ లేదు, కిటికీకి దగ్గరని అక్కడే పెట్టేవాణ్ని. తమ్ముడికి బ్యాటరీ కావాలంటే నా దగ్గరకు వచ్చి నిలబడేవాడు. "అన్నయ్యా, తాళం," అనేవాడు. నేను చెవి విప్పి ఇచ్చేవాణ్ని. వాడు రెండంతస్తులు దిగి, తీసుకుని, మళ్లీ ఎక్కి వచ్చి చెవి నా చేతిలో పెట్టేవాడు. ఎన్నిసార్లు దిగాడో నేను లోపల్లోపల లెక్కపెట్టుకునేవాణ్ని. ఎంతసేపట్లో వచ్చాడో కూడా.

ఇంత కాపలా పెట్టాక బ్యాటరీలు బాగుండాలి కదా. ఇంకా పాడయ్యాయి. రెండో వారానికి ఇంకొకటి పోయింది. మూడో వారానికి ఛార్జింగు నిండిన బ్యాటరీ నాలుగు స్క్రూలకే చేతులెత్తేస్తోంది. రంపం సగం బోర్డు కోసి ఆగిపోతోంది. రోజుకు మూడు తలుపులు పడాల్సిన చోట ఒకటి పడటం కష్టమైంది. ఇంజనీరమ్మ రోజూ వచ్చి, తలుపుల్లేని గదుల ముందు నిలబడి, నవ్వి వెళ్లేది.

తాళం నా దగ్గరుంది. అయినా పోతున్నాయంటే, తీసుకెళ్లిన ఆ కాసేపట్లోనే వీడేదో చేస్తున్నాడు. నాకు ఇంకో దారి తోచలేదు. ప్రతి బ్యాటరీ అడుగునా పెన్సిల్‌తో సన్నటి గుర్తు పెట్టాను. పొద్దునా సాయంత్రం చూసుకునేవాణ్ని. గుర్తులు ఎక్కడివక్కడే ఉండేవి. అయితే లోపలి సెల్లులు మార్చేస్తున్నాడేమో అనుకున్నాను. మంచి సెల్లులు తీసి చచ్చినవి పెడితే పైన గుర్తు ఎలా చెరుగుతుంది? పనికి పనికొచ్చే బుర్ర ఇలాంటివాటికి కూడా బాగానే పనిచేస్తుంది.

ఒకరోజు వ్యాను సీటు కింద ఒక కాగితం దొరికింది. తాబేలు మార్కు వాళ్ల రంగుల కాగితం. మెషీన్ల బొమ్మల దగ్గర ఏ గుర్తూ లేదు. ఛార్జరు బొమ్మ దగ్గర మాత్రం, దాని పొడవూ వెడల్పూ ఎత్తూ రాసి ఉన్నచోట, తమ్ముడి పెన్సిల్ గీత ఉంది. పక్కన వాడి చేతిరాతతో ఇంకో మూడు అంకెలు. కొత్త ఛార్జరు ఎక్కడో అమర్చడానికి కొలతలు తీసుకున్నాడన్నమాట. ఎక్కడ? మా వంటింట్లో అయితే కొలతలు అక్కర్లేదు. ఇంకేదో గదిలో.

మర్నాడు మధ్యాహ్నం వాడు మేకులు తెస్తానని బయల్దేరితే నేను వెనకాలే వెళ్లాను. వాడు నేరుగా మెషీన్ల షాపుకు వెళ్లాడు. బయటే నిలబడి, తలుపు పక్కనుంచి చూశాను. షాపులో బల్లకు తెల్ల ప్లాస్టిక్ బోర్డు ఒకటి బిగించి ఉంది, కొనేవాళ్లు డ్రిల్లు వేసి చూసుకోవడానికి. అది అప్పటికే జల్లెడయిపోయి ఉంది. తమ్ముడు తాబేలు డ్రిల్లు పట్టుకుని దానికి కన్నం వేశాడు. తెల్లటి పొడి వాడి చొక్కా చేతుల మీద పడింది.

పొడి సంగతి అక్కడితో తేలిపోయింది. తేలిపోయిందని సంతోషించే బుద్ధి నాకుంటే ఈ కథ ఇక్కడ అయిపోయేది. నేను ఇంకాస్త దగ్గరకు జరిగి చెవి పెట్టాను.

షాపాయన ఏదో అన్నాడు, వినబడలేదు. తమ్ముడి మాట స్పష్టంగా వినబడింది.

"ఆ సంగతి మాత్రం మా అన్నయ్య దగ్గర అనకండి. ఆయనకి తెలియక్కర్లేదు. నేను చూసుకుంటాను."

ఎండలో నడిచి తిరిగొచ్చాను. మూడో అంతస్తుకు ఎక్కి, తలుపు లేని ఒక గదిలో కింద కూర్చున్నాను. వీడికి ఉలి పట్టడం నేర్పింది నేను. వేలు తెగినప్పుడు నా బనియను చింపి కట్టింది నేను. ఏడుపొచ్చింది. ఏడవలేదు, కోపం తెచ్చుకున్నాను.

వాడు మేకుల పొట్లంతో పైకి రాగానే అడిగేశాను.

"ఎప్పుడు వేరుపడదామనుకుంటున్నావ్?"

"ఏంటన్నయ్యా?"

"నాకు తెలియక్కర్లేని సంగతులు నీకున్నాయట కదా. షాపులో చెప్పుకుంటున్నావట. బ్యాటరీల్లో సెల్లులు మార్చి, పనికిరావని నాతో అనిపించి, కొత్త సెట్టు నీ పేరున కొనుక్కుని పోదామనా? పోయేవాడివి చెప్పి పోరా. దొంగతనంగా దేనికి?"

ఆ ఆఖరి మాట నోట్లోంచి వచ్చాక వెనక్కి తీసుకోవాలనిపించింది. కానీ అప్పటికే వాడి మొహంలో రంగు పోయింది. నేను ఎదురు మాట కోసం చూశాను. తిట్టినా బాగుండేది. వాడు పొట్లం కిటికీ గట్టు మీద పెట్టాడు. చేతిలోని గద్ద మెషీను నా కాళ్ల దగ్గర నెమ్మదిగా దింపాడు. తన సంచి విప్పి, అడుగునుంచి చేతి స్క్రూడ్రైవర్ తీశాడు, మా నాన్న వాడిన చెక్కపిడిది. ఎదురుగదిలోకి వెళ్లి తలుపు బందులకు చేత్తో స్క్రూలు తిప్పడం మొదలుపెట్టాడు.

ఆ రోజంతా అలాగే తిప్పాడు. మర్నాడూ, ఆ మర్నాడూ. నన్ను తాళం అడగలేదు. బరువు తలుపులు ఎత్తాల్సివచ్చినప్పుడు ఇద్దరం కలిసే ఎత్తాం, "ఊఁ", "కొంచెం ఇటు" అన్న మాటలతోనే. మూడో రోజు సాయంత్రం ఇంట్లో మా మరదలు వాడి అరచేతులకు మందు రాస్తోంది. రెండు చేతులకూ బొబ్బలు చితికి ఉన్నాయి. ఆ పిల్ల తలెత్తి నన్ను చూసింది. ఏదన్నా అని ఉంటే బయటికి వెళ్లిపోవడానికి నాకు వంక దొరికేది.

అయినా నేను మారలేదు. రుజువు దొరికితే వాడి నోరు మూయించవచ్చనుకున్నాను, వాడు నోరే తెరవలేదన్న ధ్యాస లేకుండా. ఆరు బ్యాటరీలూ సంచిలో వేసుకుని, బ్యాటరీలు బాగుచేసే ఆవిడ దగ్గరకు తీసుకెళ్లాను. మనిషి పట్టేంత సందులాంటి కొట్టు. ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీద ఉన్నాయి.

"వీటి లోపల సెల్లులు ఎవరో మార్చారమ్మా. చూసి చెప్పండి," అన్నాను.

ఆవిడ ఒకదాని స్క్రూలు చూసింది. "ఎవరూ విప్పలేదు బాబూ. కంపెనీ సీలు అలాగే ఉంది." సీలు చింపి విప్పింది. లోపల ప్లాస్టిక్ ఒక పక్కకు వంగిపోయి ఉంది. ముక్కు దగ్గర పెట్టుకుని వాసన చూసింది. రెండోది విప్పింది. మూడోది విప్పింది. ఆరూ అయ్యాక ఒకటి పక్కకు తీసిపెట్టింది.

"ఇది వయసైపోయి పోయింది, దీని తప్పేం లేదు. ఈ ఐదూ మాత్రం ఉడికిపోయాయి. వేడిగా ఉన్నప్పుడు ఛార్జింగు పెడితే ఇలాగే అవుతుంది. ఛార్జరు మీద ఎర్రలైటు కొట్టుకుంటూ ఉండాలే, చూడలేదా?"

"మూత వేసి ఉంటుంది," అన్నాను.

"ఏం మూత?"

పెట్టె సంగతి చెప్పాను. ఇనప రేకు, సూది దూరని అతుకులు, కంబళి, ఎండలో వ్యాను. చెబుతూ చెబుతూ మధ్యలో ఆగిపోయాను. ఆవిడ కళ్లద్దాలు నుదుటి మీదనుంచి దింపుకుని నన్ను చూసింది.

"ఎవరు చేసిచ్చారు బాబూ మీకా పెట్టె?" అంది.

ఎవరో అన్నాను.

ఇంటికి ఎలా వచ్చానో గుర్తులేదు. తమ్ముడు వ్యాను పక్కన కూర్చుని, తడిగుడ్డ చుట్టుకున్న చేత్తో టైరుకు గాలి కొడుతున్నాడు. నేను మొలతాడు నుంచి చెవి విప్పి వాడి ముందు పెట్టాను.

"బ్యాటరీలు నేనే చంపానురా. ఈ పెట్టే చంపింది."

"తెలుసన్నయ్యా," అన్నాడు పంపు ఆపకుండా.

"ఏం తెలుసు?"

"రెండో వారమే తెలిసింది. తాళం తీస్తే పొయ్యి మూత తీసినట్టుంది. బ్యాటరీ చేత్తో పట్టుకోలేక చొక్కాతో పట్టుకుని తెచ్చా. షాపాయన్ని అడిగితే, అది వేడి వల్లే అన్నాడు."

"మరి నాతో చెప్పొచ్చుగా!"

వాడు పంపు ఆపాడు.

"ఏమని చెప్పను? పెట్టె వల్ల పోతున్నాయంటే, అసలు పెట్టె ఎందుకు పెట్టావని రావాలి మాట. దొంగలని నువ్వు మళ్లీ అబద్ధం చెప్పాలి. నేను నమ్మినట్టు మళ్లీ నటించాలి." పంపు గొట్టం తీసి చుట్టాడు. "తాబేలు ఛార్జరు పెద్దది. కొలిచి చూశా, నీ పెట్టెలో పట్టదు. ఆ మార్కు వస్తే ఛార్జింగు మళ్లీ వంటింట్లోకి వెళ్తుంది, ఎవరూ ఏమీ అనుకోకుండా అయిపోతుంది అనుకున్నా. అంతే. ఆ మాట నీకు తెలియక్కర్లేదనే షాపులో అన్నాను."

కాగితం మీద పెన్సిల్ గీత గుర్తొచ్చింది. పక్కన రాసిన మూడు అంకెలూ నా పెట్టె అరవి. నేను ఎన్నోసార్లు కొలిచి కోసిన కొలతలు, చూసి పోల్చుకోలేకపోయాను.

"నన్ను కొట్టరా ఒకటి," అన్నాను.

"చేతులు బాగాలేవులే," అన్నాడు. నవ్వాడు కూడా. నేను నవ్వలేకపోయాను.

మర్నాడే తాబేలు సెట్టు తెచ్చుకున్నాం. బాగుంటాయన్నాడు కదా, నిజంగానే బాగున్నాయి. హాస్టల్ తెరవడానికి ఒకరోజు ముందు ఆఖరి తలుపు పడింది. ఇంజనీరమ్మ మూడంతస్తులూ తిరిగి, తలుపులన్నీ తెరిచి వేసి చూసి, ఈసారి నవ్వకుండా బాగుందని చెప్పి వెళ్లింది. పెట్టెను వ్యానులోంచి బోల్టులు విప్పి దించేశాను. పారేస్తానంటే మా ఆవిడ ఒప్పుకోలేదు. పెరట్లో పెట్టి, అందులో పాత చెప్పులు వేస్తోంది. వచ్చినవాళ్లెవరైనా పెట్టె బాగుందంటే, "మా సీఐడీ గారు చేశారు," అంటుంది.

తమ్ముడు వేరుపడలేదు. ఒకే ఇల్లు, ఒకే వంటగది, ఒకే వ్యాను. ఛార్జరు మిక్సీ పక్కనే ఉంటుంది, తాళం లేదు, మూత లేదు. అది జరిగి మూడేళ్లు. ఒక్కటే తేడా. అంతకుముందు పద్నాలుగేళ్లలో వాడెప్పుడూ అడగలేదు. ఇప్పుడు బ్యాటరీ తీసుకునే ముందు ప్రతిసారీ అడుగుతాడు. కోపంగా కాదు, ఎత్తిపొడుపుగా కాదు, అలవాటైపోయింది. అడగడం దేనికిరా, తీసుకో అని చాలాసార్లు చెప్పాను. అలాగేనంటాడు, మర్నాడు మళ్లీ అడుగుతాడు.

ఇవాళ పొద్దున నేను టీ తాగుతుంటే వంటింటి గుమ్మంలో నిలబడ్డాడు.

"అన్నయ్యా, ఒకటి తీసుకోనా?"

"తీసుకోరా," అన్నాను. నేను అనేదాకా చెయ్యి చాపలేదు.